సగం దిద్దిన ముఖం

కొరియాలోని ఇంచియాన్‌లో ఓ పాత అపార్టుమెంటు ఏడో అంతస్తున మ్యోంగ్‌ఒక్ ఇంటికి బోర్డు లేదు. వచ్చినవాళ్ల చెప్పులు బయట కనబడనిచ్చేది కాదు. పచ్చబొట్టు మిషన్‌ని కిమ్చీ పచ్చడి డబ్బాల వెనక దాచేది. బజారులో కూర్చుని అమ్ముకునే ఆడవాళ్లకు రోజూ తెల్లారి కనుబొమ్మలు దిద్దుకునే తీరిక ఎక్కడిది? ఒకసారి పొడిపించుకుంటే రెండు మూడేళ్లు నిశ్చింత. భర్త చేపల కొట్టు మూతబడ్డాక ఆమె రబ్బరు ముక్కల మీద ఈ విద్య నేర్చుకుంది. పదహారేళ్లలో గీత ఒక్కనాడూ తప్పలేదు గానీ, భయం ఒక్కనాడూ తగ్గలేదు. డాక్టరు కానివాళ్లు ఆ సూది పట్టడం నేరం, దొరికితే జైలు. డాక్టర్లేమో ఈ పని నేర్చుకున్న పాపాన పోరు.

2016 చలికాలంలో ఒక మధ్యాహ్నం, బజారులో కూరలు వండి అమ్మే బున్‌రే ఆమె ముందు పడుకుని ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి. ఎడమ కనుబొమ్మ పూర్తయింది. కుడిదాని మీద మత్తు క్రీము, పైన ప్లాస్టిక్ కాగితం. అప్పుడు తలుపు గంట మోగింది.

తెలిసినవాళ్లెవరూ గంట కొట్టరు, ఫోన్ చేస్తారు.

"ఎవరే?" అంది బున్‌రే.

"పెద్దమ్మా, నీకు దణ్ణం పెడతా, మాట్లాడకు."

"పోలీసు! తలుపు తీయండి."

మ్యోంగ్‌ఒక్ మిషన్‌ని దుప్పటి కిందికి తోసింది. తలుపు తీస్తే నలభై ఏళ్ల పోలీసాయన.

"ఇక్కడ పచ్చబొట్లు పొడుస్తున్నారట. ఫిర్యాదొచ్చింది."

"అబ్బే, లేదు సార్! మా పెద్దమ్మ చూసిపోదామని వచ్చింది."

"అవును నాయనా, కాఫీ తాగి పోదామని" అంటూ బున్‌రే గదిలోంచి బయటికొచ్చింది. ఒకవైపు బొగ్గులాంటి కనుబొమ్మ, ఇంకోవైపు ప్లాస్టిక్ కాగితం.

"రెండోది ఇంట్లో మరిచిపోయొచ్చారా అవ్వా?" అన్నాడతను.

అతను దుప్పటి ఎత్తి మిషన్ బయటికి తీయడానికి ఎంతోసేపు పట్టలేదు. మ్యోంగ్‌ఒక్ పేరు, నంబరు రాసుకోవడం మొదలుపెట్టాడు. జైలు, పేపర్లో పేరు, బతుకుతెరువు అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి. అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది.

చూడగా చూడగా తెలిసింది, అతని కనుబొమ్మలు పుట్టుకతో వచ్చినవి కావు. చవక రంగు, చివర్లు ఎర్రబడ్డాయి. ఎడమది ఒక వెంట్రుకవాసి పైకి పోయింది. డాక్టరు చేసిన పని కానే కాదు. ఇలాంటి గదిలోనే, తనలాగే బెదురుతూ, ఎవరో ఆడమనిషి పొడిచింది. గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. ఒళ్లు మండింది. నిలదీయాలనుకుంది. కానీ కలం అతని చేతిలో ఉంది.

"గురువారం స్టేషన్‌కి రావాలి" అని కాగితం చేతికిచ్చాడు.

"ఈ రెండోది అయ్యాక రాసుకోకూడదూ, నాయనా?" బున్‌రే బతిమాలింది. "రేపు ఏ ముఖం పెట్టుకుని బజారులో కూర్చోను?"

"చట్టం చట్టమే అవ్వా. నా చేతిలో ఏముంది?"

అతను గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుని, తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. బున్‌రేకి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"అమ్మా... ఈ కనుబొమ్మల ఎరుపు పోవడానికేమైనా దారుందా?"

ఉంది. గంట పని. మ్యోంగ్‌ఒక్ చేతిలో ఉన్న స్టేషన్ కాగితాన్ని మడతపెట్టింది.

"అది డాక్టర్లనే అడగాలి సార్" అంది.