అక్క కాళ్ళు, నా కాళ్ళు

టి. నగర్‌లో నేను పనిచేసే చీరల కొట్టులో కొనడానికి వచ్చేవాళ్ళకి కుర్చీలుంటాయి. అమ్మే ఆడవాళ్ళకి ఉండవు. పంతొమ్మిదేళ్ళు ఆ కౌంటరు వెనక నిలబడ్డాను. మరీ ఓర్చుకోలేనప్పుడు, కింద అరలో చీరలు సర్దుతున్నట్టు ఒకరి తరవాత ఒకరం గొంతుక్కూర్చునేవాళ్ళం. రెండు నిమిషాలు, అంతే.

నా పిక్కల మీద నరాలు ఉబ్బి నీలంగా మెలికలు తిరిగాయి. చీలమండ దగ్గర పుండు పడ్డాక, స్టూలు కావాలని సూపర్‌వైజరుని అడిగాను. పని వల్ల వచ్చిందని డాక్టరు రాసిస్తే చూద్దామన్నాడు. రాసివ్వకపోతే, నిలబడలేనివాళ్ళకి ఇక్కడ పనేముందని కూడా అన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరు చిన్నపిల్ల. పంతొమ్మిదేళ్ళుగా నిలబడే పని అని చెప్పాను. మీ అమ్మకి ఇలా ఉండేదా అని అడిగింది. ఉండేదన్నాను. వెంటనే కలం తీసింది. ఇంగ్లీషులో వద్దు, తమిళంలో రాయండి, నేను చదువుకోవాలి అన్నాను. యాభై రెండేళ్ళప్పుడు మా వీధి సాయంత్రం బడిలో తమిళ అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు ఆ తరవాత, క్యాలెండరు ముందు పెట్టుకుని. అంతకుముందైతే ఆ చీటీ మడిచి తీసుకుపోయి సూపర్‌వైజరు చేతిలో పెట్టేదాన్ని. ఆ రోజు బల్ల ముందే వేలు పెట్టి చదివాను. వంశం నుంచి వచ్చిన జబ్బు అని ఉంది. పని ఊసే లేదు.

మా అమ్మ తొండియార్‌పేటలో నలభై ఏళ్ళు బండి దగ్గర నిలబడి బట్టలు ఇస్త్రీ చేసింది. డాక్టరు అమ్మ కాళ్ళ గురించి అడిగింది గానీ, ఆ కాళ్ళు ఏం చేశాయని అడగలేదు.

చీటీ బల్ల మీదే వదిలేసి వచ్చాను. మర్నాడు అక్కని వెంటబెట్టుకుని మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాను. అక్క నాకన్నా రెండేళ్ళు పెద్దది. చిన్నప్పటినుంచీ పీట మీద కూర్చుని పూలు కడుతుంది. బస్సులో దారి పొడుగునా తిట్టింది.

"నా కాళ్ళు చూపించేదానికి ఇంత దూరం పిలుచుకోనొచ్చినావా? పెండ్లిచూపుల్లో గూడా ఎవురూ అడగలేదే."

అయినా లోపలికి వెళ్ళగానే చీర మోకాళ్ళ దాకా ఎత్తి నా పక్కన నిలబడింది. ఆ వయసులో కూడా ఆమె పిక్కలు నున్నగా ఉన్నాయి. ఒక్క తల్లి బిడ్డలకైనా అన్నీ ఒకేలా రావని, చెల్లెలికి వచ్చింది అక్కకి రాకపోవచ్చని డాక్టరు చెప్పింది. నిజమే అయ్యుంటుంది.

"మా వంశమూ, నా పనీ రెండూ మీకు తెలుసు కదమ్మా, మరి ఒకటే ఎందుకు రాసినారు?" అన్నాను.

అక్క కూడా ఊరుకోలేదు. పూల మీదికి వంగీ వంగీ బిగుసుకుపోయిన తన మెడ చూపించింది.

"దీన్ని గూడా చూడమ్మా. ఇది మా అమ్మకి లేదు. ఇది ఏ వంశం?"

డాక్టరు నా చీటీ మళ్ళీ రాసింది. కాలి నరాలు ఉబ్బే జబ్బు వంశంలో ఉందని, ఏళ్ళ తరబడి నిలబడే పని వల్ల ముదిరిందని, కూర్చుని పనిచేయాలని. రెండుసార్లు చదివి, ముద్ర వేయించుకుని వచ్చాను.

సూపర్‌వైజరు చీటీ చూసి, ఓనరుని అడిగి చెప్తానన్నాడు.

"అడిగి రాండి సార్. అందాకా నేను కూర్చోనుంటా," అని, కొనేవాళ్ళ కుర్చీ ఒకటి కౌంటరు వెనక్కి లాక్కున్నాను.

దాన్ని ఇంతవరకూ ఎవరూ తీయలేదు. వంతులు వేసుకుని కూర్చుంటున్నాం. చీరలు సర్దుతున్నట్టు నటించడం మానేశాం.