పాటలు కోసేసిన కౌబాయ్ కోసం ఫ్రైబర్గ్ దాకా

ఈ ప్రయాణానికి కారణం ఒక గుర్రం. జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో మా పై వాటాలో ఉండే డాక్టర్ రామ్మోహన్ గారికి ఎనభై రెండేళ్ళు. తెనాలి మనిషి, ఈ దేశం వచ్చి యాభై ఏళ్ళు దాటింది. పాత సినిమాల పిచ్చితో నేను ఫ్రైబర్గ్‌లోని ఒక చిన్న ఫిల్మ్ క్లబ్ కార్యక్రమాల పట్టిక ఆయనకు ఫోన్‌లో చూపిస్తుంటే, నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న గుర్రం బొమ్మ దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. "ఇదేనమ్మాయ్! పదమూడేళ్ళప్పుడు మా ఊళ్ళో మార్నింగ్ షో చూశా. సినిమా పేరు మర్చిపోయాగానీ గుర్రాన్ని మర్చిపోతానా!" అన్నారు.

అది పాడే కౌబాయ్ సినిమా. ఆ రకం సినిమాల్లో హీరో చొక్కాకు దుమ్ము అంటదు, ఎవరినీ చంపడు, దొంగల చేతుల్లోని తుపాకులు మాత్రం ఎగిరిపోయేలా కాలుస్తాడు. సాయంత్రమైతే గిటార్ తీసి పాడతాడు. ఆ సినిమాలోని ఒక పాట రాగం డాక్టర్ గారికి ఇప్పటికీ కంఠతా వచ్చు. మాటలు రావు, అప్పటికి ఆయనకు ఇంగ్లీషు ముక్క తెలియదు. మొక్కలకు నీళ్ళు పోస్తూ రోజూ ఆయన తీసే కూనిరాగం అదేనని నాకు అప్పుడే తెలిసింది. కూతురు ఉషను చిన్నప్పుడు దానితోనే నిద్రపుచ్చేవారట.

యాభై ఏళ్ళ ఉష ఇప్పుడు డ్రెస్డెన్‌లో ఉంటుంది. ఆమెకు కౌబాయ్‌లంటే అసహ్యం. ఒకటో తరగతిలో నాన్న కొనిచ్చిన కౌబాయ్ టోపీ పెట్టుకుని బడిలో వేషాల పండగకి, అదే కార్నివాల్‌కి వెళ్తే, తోటి పిల్లలు టోపీ లాక్కుని, జడలో ఈక గుచ్చి, నువ్వు ఇండియన్‌వి కదా, నీ వేషం ఇదీ అని స్తంభానికి కట్టేశారట. తండ్రీకూతుళ్ళు కలిసి సినిమాకు వెళ్ళి ముప్ఫై ఏళ్ళయింది. అయినా ఫోన్ చేసి అడిగితే, "ఆ పాట కోసం వస్తాను" అంది. డాక్టర్ గారు ఆ వారమంతా నేల మీద నడవలేదు.

శనివారం పొద్దున ఏడున్నరకు బయల్దేరాం. న్యూరెంబర్గ్‌లో ఒకసారి, హోఫ్‌లో ఒకసారి రైలు మారితే ఫ్రైబర్గ్. దేశమంతా మామూలు రైళ్ళలో చెల్లే నెల టికెట్ ఉంటే పైసా అదనం లేదు, కాకపోతే ఆరు గంటల ప్రయాణం, రైళ్ళు ఆలస్యమైతే ఆ పైన మీ ఓపిక. డబ్బాలో పులిహోర తీసుకెళ్ళడం మంచిదైంది. సినిమా టికెట్ ఎనిమిది యూరోలు. నిడివి యాభై మూడు నిమిషాలని పట్టికలో ఉంటే, పోనీలే, ఉషకు సాయంత్రం ఆరు గంటల రైలు అందుతుంది అని సంతోషించాను. ఇంజినీరు బుర్ర కదా, అంతకంటే ముందుకు పోలేదు. పాటల సినిమాలో పాటలు ఉండవని తెలుగువాళ్ళెవరు అనుకుంటారు?

స్టేషన్ నుంచి పాత ఊరు నడిచిపోయే దూరమే. డాక్టర్ గారి మోకాళ్ళ కోసం టాక్సీ తీసుకుంటే తొమ్మిది యూరోలైంది. డ్రైవర్ అరవై దాటిన మనిషి. "కౌబాయ్ సినిమాకా?" అని నవ్వాడు. "బెర్లిన్ గోడ ఉన్న రోజుల్లో మా తూర్పు వైపు తీసిన సినిమాల్లో అమెరికా ఆదివాసులే హీరోలు, కౌబాయ్‌లు దొంగలు. అయితే ఆ వేషాలూ మావాళ్ళే రంగు పూసుకుని వేసేవాళ్ళులెండి."

హాల్లో ఇరవై మంది ఉంటారు. ఉష తండ్రి పక్కన కూర్చుంది, నేను ఇటు పక్క. డబ్బింగ్‌లో కౌబాయ్ బొంగురు జర్మన్ మాట్లాడాడు, సరే. మంట పక్కన కూర్చుని గిటార్ ఒళ్ళోకి తీసుకున్నాడు. డాక్టర్ గారు ముందుకు వంగారు. మరుక్షణం తెల్లారిపోయింది, కౌబాయ్ గుర్రం మీద ఉన్నాడు. ఇలా మూడుసార్లు గిటార్ ఎత్తాడు, మూడుసార్లూ కోసేశారు. పాటలు పోయాక మిగిలింది ఏమిటంటే, అట్టముక్కల కొండలు, ముఖానికి గోధుమరంగు పూసుకుని కూతలు పెడుతూ గుర్రాల మీద నుంచి పడే మనుషులు, కౌబాయ్ మూటలు మోస్తూ తన్నులు తినే ఆదివాసి నౌకరు. వాడు పడినప్పుడల్లా హాల్లో ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఉష తన చేతుల వంక చూస్తూ కూర్చుంది.

సినిమా అయ్యాక చర్చ పెట్టడం అక్కడి ఆనవాయితీ. డాక్టర్ గారు లేచి పాటలు ఏమయ్యాయని అడిగారు. క్లబ్బు నడిపే పెద్దావిడ, ఈ దేశంలో విడుదల చేసినప్పుడే కథకు అడ్డమని తీసేశారని మర్యాదగా చెప్పింది. "పాటలు తీసేస్తే అందులో కథెక్కడుందండీ?" అన్నారాయన జర్మన్‌లో. కూర్చుంటూ నాతో, "మా తెనాల్లో పాట కోస్తే కుర్చీలు విరిగేవమ్మాయ్" అన్నారు.

బయటికొచ్చాక ఉష జర్మన్‌లో ఒక్కటే అడిగింది. "నాన్నా, ఇన్నేళ్ళూ నువ్వు ప్రేమించింది దీన్నా?" ఆయన తెలుగులో "పాట ఉంటేనా..." అని ఆగిపోయారు. ఆమె ఆరు గంటల రైలెక్కి వెళ్ళిపోయింది. మేము అరవై యూరోల గదుల్లో పడుకున్నాం.

ఆదివారం తిరుగు రైల్లో, సినిమా అసలు పేరు పట్టుకుని వెతికితే ఫోన్‌లో పాట దొరికింది. ఎగిరి గంతేసి ఇయర్‌ఫోన్లు చెరొకటి పెట్టుకున్నాం. రాగం అదే, నిజంగానే వెన్నలా ఉంది. ఆయన పెదాలు కదులుతున్నాయి. రెండో చరణం దగ్గర ఆగిపోయాయి. అలసిన ప్రతివాడికీ ఎక్కడో ఒక ఇల్లుండాలని పాడుకుంటూ వచ్చిన కౌబాయ్, ఆ చరణంలో మూటలు మోసే నౌకరును చూపించి, వీడికి ఇల్లెందుకు, గుర్రాల పక్కన పడేస్తే నిద్రపోతాడు అని నవ్వుతాడు. గొంతు మాత్రం అంతే మెత్తగా ఉంది.

"ఇదా నేను మా ఉషకు పాడి నిద్రపుచ్చింది?" అన్నారు డాక్టర్ గారు.

"మీరు మాటలు పాడలే కదా, అంకుల్."

ఆయన ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టారు. హోఫ్ దగ్గర పడుతుండగా ఉష మెసేజ్ వచ్చింది. నిన్న నాన్నతో సరిగ్గా మాట్లాడలేదు, ఆ పాట ఎక్కడైనా దొరికితే పంపు, వినాలనుంది అని. చదివి వినిపించాను.

"దొరకలేదని రాయి."

"గట్లెందుకు అంకుల్? ఆమె అడిగేది పాటనే కదా."

"దొరకలేదని రాయమ్మా."

రాశాను.

ఆ సినిమాలను పూర్తిగా తిట్టలేను. భాష తెలియని ఒక పిల్లవాడికి అరవై తొమ్మిదేళ్ళు సరిపడా రాగం ఇచ్చాయి. కానీ ఆ తియ్యదనం ఎవరి వీపు మీద మోయించారో తెలిశాక నాకు కోపమే మిగిలింది, ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియదు. ఇలాంటి ప్రదర్శనకు వెళ్ళాలనుకుంటే ఒక్క సలహా: పట్టికలో నిడివి చూడండి. గంటలోపు ఉంటే పాటలు ఉన్నాయో లేదో క్లబ్బుకు రాసి కనుక్కుని బయల్దేరండి. లేవంటే వెతుక్కోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా ఫోన్‌లో ఆ పాట ఇంకా ఉంది, ఉషకు పంపలేదు. పై వాటాలో డాక్టర్ గారు మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు, నీళ్ళ చప్పుడు మాత్రమే వినిపిస్తోంది.