ఏడు మూలలు చాటిన ఈదయ్య

కోదాడలో చాటింపు వేసే ఈదయ్యను వెన్నెముక లేనివాడన్నవాళ్లను నేను చాలామందిని చూశాను. నిజాం సర్కారు లెవీ ధాన్యం పెట్టమంటే డప్పు కొట్టి చాటాడు. కమ్యూనిస్టుల సంఘంవాళ్లు పెట్టొద్దంటే అదీ అదే డప్పుతో చాటాడు. యూనియన్ సైన్యం వచ్చి తుపాకులు అప్పగించమంటే దాన్నీ చాటాడు. ఎవరి మాటకైనా ఒకటే గొంతు. ముందు ఎవరు చెప్పమన్నారో చెప్పేవాడు, తరవాత వాళ్ల మాట చెప్పేవాడు. తన తరఫున ఒక్క ముక్క కలిపేవాడు కాదు, మింగేవాడూ కాదు.

అందుకు రెండు వైపులా దెబ్బలు తిన్నాడు. సంఘంవాళ్లు దొంగలని చాటమని పోలీసు పటేలు హుకుం ఇస్తే, "దొంగలని పటేలు చెప్పమన్నడు" అని చాటాడు. జనం నవ్వారు. పటేలు చెప్పుతో కొట్టించాడు. లెవీ సంగతి చాటినందుకు సంఘంవాళ్లు డప్పు చించారు. వారం తిరక్కుండా కొత్త తోలు బిగించుకుని వచ్చాడు. పుకార్లకు కొదవ లేని రోజులవి. ఎవరేం చెప్పినా ఊరివాళ్లు ఈదయ్య చాటితేనే నమ్మేవారు. వెన్నెముక సంగతి మాట్లాడినవాళ్లు కూడా.

అతని కొడుకు పాండు సంఘంలో చేరి, నిజాం సరిహద్దు దాటి మునగాల వైపు పోయాడని అందరికీ తెలుసు. ఈదయ్య ఆ ఊసే ఎత్తేవాడు కాదు.

నేనప్పుడు చావడిలో రాతపని చేసేవాణ్ణి. నలభైతొమ్మిది ఎండాకాలంలో ఒక పొద్దున ఊరి బయటి సైన్యం క్యాంపు నుంచి కాగితం వచ్చింది. ఈదయ్యకు చదువు రాదు. నేను చదువుతుంటే పేరుకొక ముడి చొప్పున తువ్వాలు అంచుకు వేసుకునేవాడు. చిలుకూరు దగ్గర కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఇంటి మగవాళ్లు మధ్యాహ్నం పన్నెండులోపు వచ్చి, వేలిముద్ర వేసి శవాలను తీసుకుపోవాలి. రాకపోతే క్యాంపువాళ్లే కాల్చేస్తారు. ఈదయ్య వాళ్లలో పూడ్చడమే గాని కాల్చడం లేదు.

మూడో పేరు పాండు. నోటితో చదివేదాకా అది నా కంట పడలేదు. పడి ఉంటే ఏం చేసేవాణ్ణో, ఇప్పటికీ నా మీద నాకు నమ్మకం లేదు.

ఈదయ్య మూడో ముడి వేసి, బిగిసిందో లేదో చూసుకున్నాడు. నువ్వు క్యాంపుకు పో, చాటడానికి ఇంకెవరినైనా చూస్తానన్నాను.

"ఇంకొకడు సాటితె ఎవలు నమ్ముతరయ్యా? కడమ ఇద్దరి ఇండ్లోళ్లకు ఎర్క గావాలె గద. సాటినంకనే పోత."

చాటింపుకు ఊళ్లో ఏడు మూలలు. మొదలుపెడితే ఏడూ పూర్తి కావాల్సిందే. మాకు చెప్పలేదని ఒక్క వాడ చేత అనిపించుకోవడం అతని ఇంటా వంటా లేదు. చావడిలో కూర్చోలేక నేనూ వెంట నడిచాను. రెండో మూలలో మొదటి పేరు ఇంటివాళ్లు విని ఏడుస్తూ బయల్దేరారు. నాలుగో మూల అతని సొంత వాడ. గుడిసె ముందు భార్య మైసమ్మ జొన్నలు చెరుగుతోంది. క్యాంపువాళ్లు చెప్పమన్నారని మొదలుపెట్టి మూడు పేర్లూ చాటాడు. మూడో పేరు దగ్గర గొంతు తగ్గలేదు, పెరగలేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు, ఏమీ రాలేదు. మైసమ్మ చేట కింద పెట్టి అతని ముఖంలోకి చూసింది. నిజమా అని అడగలేదు. కొంగు నడుముకు చుట్టి క్యాంపు దారి పట్టింది. ఈదయ్య ఐదో మూలకు నడిచాడు.

ఆరో మూలలో మత్తయ్య అనే రైతు తన తమ్ముడి పేరు విని కూలబడ్డాడు. తరవాత లేచి బండి కట్టాడు. ఏడో మూల ఊరికి ఆ చివర. అక్కడా ఒక్క మాట తగ్గించకుండా చాటి, అప్పుడు క్యాంపు వైపు తిరిగాడు ఈదయ్య. పరుగెత్తమని అరిచాను. అరవై ఏళ్ల కాళ్లతో పరుగెత్తాడు.

మేం చేరేసరికి మత్తయ్య బండి తమ్ముడి శవంతో ఎదురొచ్చింది. కంచె వెనక పొగ లేస్తోంది. సిపాయి పన్నెండు దాటిన చేతి గడియారం చూపించి లోపలికి పోయాడు. ఆడదాని వేలిముద్ర చెల్లదన్నారట, మైసమ్మ గేటు బయటే నేలమీద కూర్చుని ఉంది.

"నువ్వు సాటింది నువ్వు ఇనలేదా?" అంది.

ఈదయ్య ఆమె పక్కన కూర్చున్నాడు.