తాత కళ్ళజోడు మీద గీత

ఉద్యోగం కొత్త కావటంతో ఆ రోజుల్లో నాకు ప్రపంచమంతా రాళ్ళుగానే కనిపించేది. బెజవాడలో కాలేజీ పిల్లలకు భూగర్భశాస్త్రం చెప్పేదాన్ని. 1992 ఫిబ్రవరిలో, సరిగ్గా ప్రాక్టికల్ పరీక్షల ముందు, తాత పోయారు. పోయినవారికి గుర్తుగా ఒక రాయి ఉంచి, పది రోజులు దానికే నీళ్ళు వదిలి, పదోనాడు ఏట్లో కలపటం మా ఇంటి ఆచారం. భవానీపురంలో మా వసారాలో ఒక మూల ఆ రాయి. ఇంకో మూల, పరీక్షకని నేను కడిగి ఆరబెట్టిన పలుగురాయి.

పదోనాడు కృష్ణ ఒడ్డున నాన్న తడిగుడ్డ మూట విప్పారు. లోపల రెండు తెల్లరాళ్ళు, రెండింటికీ నెయ్యి, నల్ల నువ్వులు. "ఇదేంటే? నాన్న ఒక్కడేగా!" అన్నారు, మా మేనత్త వైపు తిరిగి. "ఆ మూల ఉత్తినే పడుంటే తోడుగా పెట్టాను అన్నయ్యా. ఆయనకి ఒంటరిగా ఉండటం ఎప్పుడలవాటు?" అంది అత్త. "రెండూ వదిలెయ్యండి బాబూ, ఎండెక్కుతోంది," అన్నారు శాస్త్రిగారు. నాన్న కదల్లేదు. "ఎవర్నో ఒకర్ని పంపిస్తే సరిపోదండీ. నేను మా నాన్నని సాగనంపాలి." 

నాకు చూడగానే తెలిసింది. (తెలియకపోతే జీతమెందుకు?) "ఇది పలుగురాయి నాన్నా. రాతి పగుళ్ళలోకి వేడినీళ్ళు మోసుకొచ్చిన సిలికా చల్లారుతూ స్ఫటికాలు స్ఫటికాలుగా..." అని మొదలుపెట్టాను. "పాఠం వద్దమ్మా, రుజువు చూపించు." పలుగు గాజును గీస్తుంది. తాతకని ఉంచినది సున్నపురాయి, అది గీయదు. అయితే ఏటి ఒడ్డున గాజేది? నాన్న జేబులోంచి తాత కళ్ళజోడు తీశారు. "అద్దం పాడవుతుంది నాన్నా." "ఆయన్నే చూసి చెప్పమను."

తుడిచి రుద్దితే ఒక రాయి ఊరికే జారిపోయింది. రెండోది కిర్రుమని ఎడమ అద్దం మీద గీత పెట్టింది. జారిన రాయిని రెండు చేతులా పట్టుకుని నాన్న మొలలోతు నీళ్ళలోకి దిగారు. చాలాసేపు వదల్లేదు.

పలుగురాయి మర్నాడు పరీక్షకు వెళ్ళింది. దాని పగుల్లో ఇరుక్కున్న నువ్వుగింజను ఒక కుర్రాడు 'నల్లని ఖనిజం' అని రాశాడు. (పరిశీలనకు అర మార్కు ఇచ్చాను.)

కళ్ళజోడు నా దగ్గరే ఉంది. ఇప్పుడు నా చూపుకు దాదాపు సరిపోతోంది. ఒక్క గీతతో అంతా తేల్చేసిన అప్పటి ఆ కుర్ర పంతులమ్మను తలచుకుంటే నవ్వొస్తుంది. గాజు మీద పలుగు గీత తుడిస్తే పోదని ఏళ్ళ తరబడి పాఠం చెప్పినదాన్నే. అయినా పేపరు తెరిచినప్పుడల్లా కొంగుతో ఆ ఎడమ అద్దం తుడుస్తూనే ఉంటాను.