నాలుగో అక్షరం

మా అక్క జీవితం మొత్తంలో నన్ను అడిగింది ఒక్కటే. నూలు చీర. అదీ కట్టుకోవడానికి కాదు.

మా కరీంనగర్ వైపు పెళ్ళయిన ఆడమనిషి పోతే, శవాన్ని లేపే ముందు పుట్టింటివాళ్ళు తెచ్చిన చీర కప్పాలి. తల్లిగారి చీర అంటారు. తల్లి లేకపోతే అన్నదమ్ములు తేవాలి. అది కప్పందే పాడె లేవదు. అక్కకు మిగిలిన తమ్ముణ్ణి నేనొక్కణ్ణే.

నేను సూరత్ వచ్చి యాభై ఏళ్ళు దాటింది. ఖటోదరాలో మరమగ్గాల మీద చెయ్యి పెట్టిన రోజు నుంచి నైలాన్, పాలిస్టర్ తప్ప మరొకటి నేసి ఎరగను. ఊరికి పోయినప్పుడల్లా అక్కకు రింగ్ రోడ్ మార్కెట్ నుంచి ఒక చీర పట్టుకుపోయేవాణ్ణి. మెరిసేది, ముడతపడనిది. ఎనిమిదేళ్ళ కింద అట్లాగే ఒకటి తీసుకుపోతే, అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో నలుపుతూ కూర్చుంది. వారం కిందే వాళ్ళ వాడకట్టులో ఒకామె పోయింది. కాష్ఠం దగ్గర ఏమి చూశారో మగవాళ్ళు వచ్చి ఇళ్ళలో చెప్పారు.

"తమ్మీ, నా మీద మాత్రం నీ సూరత్ సరుకు కప్పకు. నూలుది కప్పు. గిది బతికినన్ని దినాలు ఒంటి మీద నిలవకుంట జారింది, సచ్చినంక కరిగి అతుక్కుంటది."

నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను. తిరిగి వచ్చేటప్పుడే చేమగ్గం మీద నేసిన పసుపుపచ్చ నూలు చీర, ఆకుపచ్చ అంచుది కొని సూరత్ అమ్రోలిలో మా ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున పెట్టాను. బతికున్న మనిషికి చావు చీర కొనిపెట్టిన పాపాత్ముణ్ణని నా భార్య చాలా రోజులు సణిగింది. ఆమే ముందు పోయింది. చీర ట్రంకులో ఉండిపోయింది.

కిందటేడు ఒక పొద్దున, ఇంకా చాయ్ తాగలేదు, మేనల్లుడు ఫోన్ చేశాడు. అక్క నిద్రలోనే పోయింది. ముత్తయిదువుగానే పోయింది. ఎప్పుడు వస్తావని అడిగాడు. రైలెక్కితే మర్నాటికి గాని చేరను. "మర్నాటి దాంక ఉంచలేం మామా, ఎండలు జూస్తున్నవు గదా. సాయంత్రం అయిదు దాంక ఆపుతం. గంతకన్న ఆపలేం" అన్నాడు.

మా కోడలు ఫోన్‌లోనే విమానం చూసింది. పదకొండింటికి హైదరాబాద్‌కు ఒకటుంది. అక్కడి నుంచి కారులో అక్క ఊరు సిరిసిల్లకు నాలుగున్నరకు చేరవచ్చు. నా ఆధార్ కార్డు మీద పేరు ఎట్లా ఉందో ఆమె దగ్గర ఎప్పుడో రాసిపెట్టుకున్న కాగితం ఉంది. దాని ప్రకారం టికెట్టు తీసింది. నేను ట్రంకు తీసి చీర సంచిలో పెట్టుకున్నాను. కార్డు కోసం చొక్కా జేబులో ఉండే ప్లాస్టిక్ కవరు తీశాను. కవరు ఖాళీ.

ఇల్లంతా గాలించాం. పరుపులు ఎత్తాం, బియ్యం డబ్బా వెనక చూశాం. కోడలు ఫోన్‌లో కార్డు తెప్పించబోయింది. దానికి పాత నంబరుకు ఏదో సంఖ్య వస్తుందట. ఆ నంబరు నా భార్యది. ఆమెతో పాటే అదీ పోయింది. వేలిముద్ర వేస్తే కాగితం ఇచ్చే దుకాణం ఒకటి ఉంది గాని, నాకు వేలిముద్ర లేదు. తెగిన దారానికి దారం ముడివేస్తూ యాభై ఏళ్ళు గడిపినవాడి బొటనవేలూ చూపుడువేలూ సబ్బుబిళ్ళలా నున్నగా ఉంటాయి. మా మగ్గాల వాళ్ళను చూస్తే ఆ వేలిముద్ర యంత్రం తల అడ్డంగా ఊపుతుంది.

చివరికి పాత కాగితాల మూటలో నా ఓటరు కార్డు దొరికింది. ఫొటో ఉంది, ముద్ర ఉంది, అసలుది. కోడలు హమ్మయ్య అనుకుంది. నేను పేరు చూసి పళ్ళు కొరికాను.

ఆ కార్డులో నా పేరుకు తోకలాగా భాయ్ అని ఉంది.

గుజరాత్‌లో మగవాడి పేరుకు భాయ్ అంటించడం మర్యాద. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకునేవాడు నన్ను అడగకుండానే అంటించాడు. ఇక్కడ అందరికీ ఉంటుంది, నీకు మాత్రం ఎందుకు ఉండదు అన్నాడు. నాకు ఎందుకు ఉండకూడదో వాడికి తెలియదు. ఖటోదరాలో ఒకప్పుడు నేను పనిచేసిన షెడ్డు యజమాని మమ్మల్ని పేర్లతో పిలిచేవాడు కాదు, అందరినీ భాయ్ అనేవాడు. ఒక రోజు మగ్గం మీది నుంచి, అడ్డదారం మోసుకుపోయే నాడె ఎగిరి నా దవడకు తగిలింది. ముందు పళ్ళు రెండు రాలిపోయాయి. నోట్లోంచి రక్తం కారుతుంటే ఆయన దగ్గరకు వచ్చి వీపు మీద చెయ్యి వేసి, భాయ్ రెండు రోజులు ఇంట్లో పడుకో అన్నాడు. మూడో రోజు పొద్దున్నే పోతే నా మగ్గాల మీద ఇంకొకడున్నాడు. యజమాని వాణ్ణీ భాయ్ అనే పిలుస్తున్నాడు. ఆ మాట అప్పటి నుంచి నాకు చెవిలో చీమలాంటిది. అందుకే ఆధార్ తీసుకునేటప్పుడు ఆ తోక తీయించేదాకా మూడుసార్లు కేంద్రానికి తిరిగాను. వేళ్ళు పడలేదని వాళ్ళు అవమానిస్తుంటే భరించి, పేరు మాత్రం మా నాయన పెట్టినట్టే రాయించుకున్నాను. నేను బడికి పోలేదు. బీడీ కట్టల మీది కాగితాలు చూసి తెలుగూ, బట్టల బేళ్ళ మీది ముద్రలు చూసి ఇంగ్లీషూ నేర్చుకున్నవాణ్ణి. ఆ అక్షరాల విలువ నాకు తెలుసు.

తొమ్మిదిన్నరకు విమానాశ్రయం గుమ్మం దగ్గర ఉన్నాను. జవాను టికెట్టు చూశాడు, కార్డు చూశాడు, మళ్ళీ టికెట్టు చూశాడు. ఉత్తరాది కుర్రవాడు. గుజరాతీవాడైతే భాయ్‌ని చూసీ చూడనట్టు వదిలేవాడేమో. ఇతను మాత్రం ఇందులో ఉన్నది నువ్వు కాదన్నాడు. ఫొటో చూడమన్నాను. ఫొటో నాకొద్దు, రెండు పేర్లూ ఒకటి చేయించుకుని రా అన్నాడు. వెనక నిలబడ్డ మనిషి, చక్రాల పెట్టెవాడు, కాస్త పక్కకు జరగమని భుజం మీద తట్టాడు. జరిగాను.

బయట కిటికీలో విమానం కంపెనీ అమ్మాయి కూర్చుని ఉంది. ఆమె కసిరి మాట్లాడలేదు, మంచిదే. తన యంత్రంలో టికెట్టు మీది పేరు దిద్దవచ్చుగాని, మూడక్షరాల వరకే దిద్దనిస్తుందని చెప్పింది. భాయ్ ఇంగ్లీషులో బి, హెచ్, ఎ, ఐ. నాలుగు. ఆమె వేళ్ళు ఎత్తి లెక్కపెట్టి చూపించింది, నాకు రాదనుకుని. మన లిపిలో అయితే అది ఒకటిన్నర అక్షరం. ఈ సంగతి ఆమెకు చెప్పి లాభం లేదు. నాలుగో అక్షరానికి మేనేజరు ఒప్పుకోవాలట.

మేనేజరు వచ్చేసరికి పది దాటింది. టై కట్టుకున్న సన్నటి మనిషి. సంగతి మొత్తం విన్నాడు. చావు అనగానే కుర్చీ చూపించాడు. ఒక కాగితం తీసి, రెండు పేర్లవాడూ నేనేనని రాసి కార్డులో ఉన్నట్టే సంతకం చెయ్యమన్నాడు. పెన్ను కూడా ఆయనే మూత తీసి ఇచ్చాడు. కార్డులో ఉన్నట్టే అంటే తోకతో.

అంతవరకు నా నోరు అదుపులోనే ఉంది. పెన్ను చేతిలోకి వచ్చాక ఏమైందో గాని మొదలుపెట్టాను. నేను ఎవడికీ భాయ్‌ని కానన్నాను. ఈ తోక తగిలించినవాణ్ణి తెచ్చి సంతకం పెట్టించమన్నాను. యాభై ఏళ్ళు మీ ఊరికి బట్టలు నేసి ఇచ్చాం, మీ నోట మా పేరు ఒక్కసారి సరిగ్గా పలకలేరా అన్నాను. నాడె సంగతి చెప్పాను, పళ్ళు లేని చోటు చూపించాను. హిందీలో చెప్పాను, ఆగలేక తెలుగులో కూడా చెప్పాను. మేనేజరు గడియారం వైపు రెండుసార్లు చూశాడు. ఒకసారి, "కాకా, ముందు సంతకం చెయ్యి, తర్వాత తిట్టు" అని హిందీలో అన్నాడు. మంచి మాటే. ఆ మాటకు కూడా జవాబు చెప్పాను.

తర్వాత సంతకం చేశాను. తోకతోనే చేశాను. ఆయన కాగితం తీసుకుని లోపలికి పోయి అంతలోనే తిరిగి వచ్చాడు. కౌంటరు మూసేసి నాలుగు నిమిషాలైందట. రాత్రికి ముంబై మీదుగా ఇంకొకటి ఉంది కావాలా అన్నాడు. ఆయన గొంతులో ఇప్పుడు కుర్చీ చూపించినప్పటి మెత్తదనం లేదు. నాకు రాత్రి దేనికి?

మేనల్లుడికి ఫోన్ చేసి రాలేనని చెప్పాను. వాడు తిట్టలేదు. అటు పక్కకు తిరిగి ఎవరితోనో మాట్లాడాడు. వాళ్ళ గొంతుల్లో భారం దిగినట్టే వినిపించింది. నా కోసం అయిదు దాకా కూర్చోవాల్సిన పని లేదు కదా. మరి చీర ఎట్లా అని నేనే అడిగాను.

"మీ ఇంటిపేరోడు ఎవడైతేంది మామా. బస్టాండ్ కాడ పాన్ డబ్బా ఆయనది మీ ఇంటిపేరే. పిలుస్తున్నం."

ఆ పాన్ డబ్బా మనిషిని నేను ఒక్కసారి చూశాను, అదీ సున్నం తక్కువేశాడని పోట్లాడినప్పుడు. మాకు వాడితో చుట్టరికం లేదు. ఏ ఊరివాడో కూడా తెలియదు. ఇంటిపేరు ఒక్కటే కలుస్తుంది. నూలు చీరే కప్పమని, అక్క నోటితో అడిగిందని మేనల్లుడికి మూడుసార్లు చెప్పాను. చూస్తమన్నాడు.

బయట బస్సుల స్టాపులో కూర్చున్నాను. ఒళ్ళో చీర సంచి. ఇంటికి పోవాలనిపించలేదు. ఒంటిగంటప్పుడు మేనల్లుడి కొడుకెవడో వీడియో కాల్ చేసి, తాతా చూడు అని ఫోన్ అక్క వైపు తిప్పాడు. మొహానికి పసుపు రాశారు. దవడలకు గుడ్డ కట్టారు. పాన్ డబ్బా మనిషి వచ్చి నిలబడ్డాడు. కుడి చేతి వేలికి సున్నం ఇంకా అట్లాగే ఉంది. అక్కడ వాణ్ణి ఎవరూ కార్డు అడగలేదు. ఫలానా ఇంటిపేరు అన్నారు, సరిపోయింది. ఎవరో ఒక కవరు చింపి చీర ఇచ్చారు. వాడు మడత విప్పగానే లోపల పెట్టిన అట్టముక్క జారి కింద పడింది. ఆ అట్ట చూసేసరికే నాకు తెలిసింది. అంచు మీద వెండి పూలు, తళతళమనే మెరుపు. రింగ్ రోడ్‌లో గుట్టలు గుట్టలుగా పడి ఉండే సరుకు. మా సరుకు.

తీసెయ్యమని అరిచాను. స్టాపులో ఉన్నవాళ్ళు లేచి దూరంగా జరిగారు. అటు డప్పులు మోగుతున్నాయి. ఫోన్ పట్టుకున్నవాడు, "ఇనవస్తలేదు తాతా, జర గట్టిగ మాట్లాడు" అన్నాడు. ఇంకా గట్టిగా అరిచాను. వాడు చెవి దగ్గర పెట్టుకున్నట్టున్నాడు, తెర మీద నాకు వాడి చెంప తప్ప ఏమీ కనిపించలేదు. మళ్ళీ తిప్పేసరికి పాడె గుమ్మం దాటింది.

సాయంత్రం మేనల్లుడు తానే ఫోన్ చేశాడు. నూలుది దొరకలేదన్నాడు. సిరిసిల్లలో. ఇంటింటా మగ్గం ఆడే ఊళ్ళో. మూడు దుకాణాలు తిరిగామని, అంతా పాలిస్టరేనని, ఉన్నవాటిలో మంచిదే తెచ్చామని చెప్పాడు. కాష్ఠం ఎట్లా కాలిందని అడిగాను.

"ఇప్పుడు గవన్నెందుకు మామా" అన్నాడు.

పదకొండో రోజుకు నా చీర పట్టుకురమ్మని, ఫొటో ముందు పెడదామని అన్నాడు. ఫొటోకు చీర కప్పుతావా అని ఫోన్ పెట్టేశాను. పదకొండో రోజుకు పోలేదు కూడా.

అక్క పోయిన మర్నాడే అమ్రోలిలో జిరాక్స్ దుకాణం ముందు నుంచి పోతుంటే, దుకాణంవాడే చప్పట్లు కొట్టి పిలిచాడు. గాజు సొరుగులోంచి నా ఆధార్ కార్డు తీసి ఇచ్చాడు. నాలుగు రోజుల కింద బ్యాంకు కాగితాలకని వచ్చి, కాపీలు మసకగా వచ్చాయని నేను వాడితో గొడవపడ్డాను. కాపీలు వాడి మొహాన కొట్టి వచ్చేశాను. అసలుది వాడి యంత్రం మూత కింద ఉండిపోయింది. వెనక నుంచి పిలిచాడట. నేను వినిపించుకోలేదట. నిజానికి విన్నాను. ఇంకా తిట్టడానికి పిలుస్తున్నాడనుకున్నాను.

చీర ఇంట్లో ఉంచకూడదు. చచ్చినవాళ్ళ పేర కొన్నది బతికున్నవాళ్ళు కట్టకూడదు, మళ్ళీ ట్రంకులో పెట్టకూడదు. కోడలు దాన్ని ముట్టుకోవడానికే భయపడి సంచిని గుమ్మం బయట కొక్కేనికి తగిలించింది. తాపీ నదిలో వదిలెయ్యమంది. ఎనిమిదేళ్ళు దాచినదాన్ని నీళ్ళకు ఎందుకివ్వాలి?

ఖటోదరాలో నేను ఇప్పటికీ పొద్దుటి పూట పోయి కూర్చునే షెడ్డుకు తీసుకుపోయాను. అంచు దగ్గర పళ్ళతో కొరికి, నిలువునా చింపాను. చేమగ్గం నేత, చింపడం కష్టమే. జానెడు జానెడు ముక్కలు చేసి మగ్గాల పక్కన డబ్బాలో పెట్టాను. నూనె తుడవడానికి పాలిస్టర్ పీలికలు పనికిరావు, అవి నూనెను అటూ ఇటూ పూస్తాయి. నూలు పీలుస్తుంది. మా వాళ్ళు వాటిని వారంపాటు వాడుకున్నారు. మంచి గుడ్డ ఎక్కడిది కాకా, ఇంకా ఉందా అని ఒకడు అడిగాడు. ఇంక లేదన్నాను.