పెన్‌డ్రైవ్ పక్కన తారీఖు

ఈ రోజు ఎల్‌బీ నగర్‌లోని మా ఆఫీసులో మేనేజర్ నన్ను అందరి ముందూ దొంగను చేయబోయాడు. కంప్యూటర్‌కు ఇప్పటిదాకా ఏమేం తగిలించారో చూపించే సాఫ్ట్‌వేర్ తెరిస్తే, నా సిస్టంలో ఒక పెన్‌డ్రైవ్ పేరు కనిపించిందట.

"కస్టమర్ల ఫైళ్లు కాపీ చేసినవ్ గదా? తప్పయిందని రాసియ్యి," అన్నాడు.

నేను కుర్చీలోంచి లేవలేదు.

"జర పక్కన తారీఖు గూడ సదువుండ్రి సార్. నేను జాయినయింది మొన్న ఉగాదికి. గా పెన్‌డ్రైవ్ పెట్టింది అంతకుముందు దసరాకు," అన్నాను.

ఆయన చదివి, "సరే, పని చూస్కో," అన్నాడు.

"అందరి ముందు అన్నరు, అందరి ముందే సారీ చెప్పుండ్రి."

చెప్పేదాకా కీబోర్డు ముట్టలేదు. చెప్పాడు.

నాకు పొగరెక్కువని ఇప్పుడు ఆఫీసంతా అనుకుంటోంది. మీరైతే ఊరుకునేవారా?