రెండు అనవసర వరుసలు

నేను ఒకసారి మానవ శరీరం నుంచి ఒక జన్యువును తీసేశాను. దానికి తోడుగా ఉంటుందన్నట్టు దాని తమ్ముణ్ని కూడా తీసేశాను. ఇదేదో తెల్లకోటు వేసుకుని ప్రయోగశాలలో చేసిన ఘనకార్యం కాదు. మాదాపూర్‌లో ఒక ఐదో అంతస్తులో, ఎడమచేత్తో టీ తాగుతూ, కుడిచేత్తో చేసేశాను. చేసి ఊరుకోకుండా, ఆ సంగతి ఉత్తరం రాసి మరీ చెప్పుకున్నాను. మర్నాడు ఆ ఉత్తరాన్ని ఐదుగురు శాస్త్రవేత్తలు కూర్చున్న గదిలో పైకి చదివారు. చదువుతూ చదువుతూ మీకు నా మీద జాలి కలిగితే దయచేసి ఆపుకోండి. నేను దానికి తగినదాన్ని కాను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. తెనాలి నుంచి వచ్చి, సూపర్‌మార్కెట్లకు ప్రోగ్రాములు రాసే ఒక ఆఫీసులో ఏడాది పనిచేసి, ఈ కొత్త కంపెనీలో చేరి మూడు నెలలు. ప్రొబేషన్ ఇంకా మూడు నెలలుంది. పరిశోధకులు పంపే సమాచారం తీసుకుని, ఒక కణంలో ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో పట్టిక వేసి ఇవ్వడం మా కంపెనీ పని. ఒక్కో పట్టికలో ఇరవై వేల వరుసల దాకా ఉంటాయి, వరుసకో జన్యువు. నాకూ జీవశాస్త్రానికీ మధ్య మాటలు పదో తరగతితోనే ఆగిపోయాయి. నా దృష్టిలో వరుస అంటే వరుసే. అందులో కందిపప్పు ఉన్నా, జన్యువు ఉన్నా నాకొకటే.

మా టీమ్ లీడ్ యాదగిరి అన్నది పుప్పాలగూడ. వాళ్ల తాత జొన్నలు పండించిన నేల మీదే లేచిన అపార్ట్‌మెంట్‌లో, పద్దెనిమిదో అంతస్తులో ఉంటాడు. మంచి మనిషి, కానీ వాక్యం సగంలో ఉండగానే లిఫ్టు ఎక్కేస్తాడు. ఆరోజు సాయంత్రం కూడా అంతే.

"సుజాతా, డాక్టర్ హేమలత మేడమ్ పట్టిక ఇయ్యాలనే పంపాలె. పంపేముందు అండ్ల గిట్ గిట్ల ఏమన్న ఉంటే తీసెయ్."

"తీసేస్తానండి," అన్నాను. లిఫ్టు తలుపు మూసుకుంది.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, గిట్ అనేది మా ప్రోగ్రాములవాళ్లు వాడే ఒక సాధనం. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అంతా గుర్తుపెట్టుకుని, మన ఫైళ్ల పక్కనే కనబడకుండా కూర్చుంటుంది. దాన్ని బయటివాళ్లకు పంపకూడదు. రెండవది, తెలంగాణ మాటలో 'గిట్ల' అంటే 'అలాంటివి' అని. అన్నం గిట్ల తిన్నవా, ఫోన్ గిట్ల వచ్చిందా అంటారు. యాదగిరి అన్న చెప్పింది 'గిట్, అలాంటి దాక్కున్న ఫైళ్లు' అని. తెనాలి చెవులకు వినబడింది మాత్రం 'గిట్లు, సమస్త గిట్లు' అని.

సమస్తమూ అన్నాక లోటు చేయకూడదు కదా. మా సర్వర్ మీద దాక్కున్న గిట్‌ను మొదట పీకేశాను. తర్వాత పట్టికలో కూడా గిట్ అనే పేరుతో మొదలయ్యే వరుసలుంటే చూపించమన్నాను. రెండు కనబడ్డాయి. ఒకటి గిట్ వన్, ఇంకొకటి గిట్ టూ. "ఎవరో మహానుభావుడు తన చెత్త ఇక్కడ మర్చిపోయాడు," అనుకున్నాను. రెండూ పోయాయి. సెకను కూడా పట్టలేదు.

ఇంతటితో ఆగినా మనిషిననిపించుకునేదాన్ని. నా శ్రద్ధ అవతలివాళ్లకు తెలియాలి కదా అని పట్టికతో పంపే ఉత్తరంలో ఒక వాక్యం చేర్చాను: 'మీ పట్టికను క్షుణ్ణంగా పరిశీలించి, అందులో దొరికిన రెండు అనవసర వరుసలను తొలగించాము.' 'క్షుణ్ణంగా' అనే మాట నాకు చాలా నచ్చింది. రెండుసార్లు చదువుకుని పంపాను.

మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు ఆఫీసు ఫోన్ మోగింది. యాదగిరి అన్న ఆరోజు ఇంటి నుంచే పని. నేనే ఎత్తాను.

"నేను డాక్టర్ హేమలతను. మా పట్టికలో ఒక వరుస కనబడటం లేదమ్మా."

"ఏ వరుసండి?"

"గిట్ వన్."

"ఓ, అదాండి. అది మేమే తీసేశామండి. చెత్త కదండి."

ఫోన్ కట్ అయిందేమోనని చూసుకున్నాను. కాలేదు.

"ఏది చెత్త?" అన్నారావిడ, చాలా నెమ్మదిగా.

"గిట్ అండి. అది లోపలి వ్యవహారం, బయటికి పంపకూడదండి."

"లోపలే ఉంటుందమ్మా. అందరి లోపలా ఉంటుంది. నీ లోపలా ఉంది."

"అవునండి, మా అందరి కంప్యూటర్లలోనూ ఉంది."

"కంప్యూటర్లో కాదు తల్లీ. నీ ఒంట్లో."

చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ముందు బల్ల ఉన్న సంగతి కూడా గుర్తు రాలేదు. గిట్ వన్ అనేది ఒక జన్యువు పేరని, ఆవిడ తొమ్మిదేళ్లుగా దాని మీదే పనిచేస్తున్నారని, ఆ పట్టిక మొత్తం దానికోసమే చేయించారని ఆవిడ చెబుతుంటే, నా అరికాళ్ల నుంచి చల్లదనం పైకి పాకింది. సిగ్గు వేడిగా ఉంటుందంటారు. నాది ఏసీ సిగ్గు.

"మన కణాల్లో స్విచ్చుల్లాంటి చిన్న చిన్న ప్రొటీన్లుంటాయి," అన్నారావిడ, కోపం వచ్చినా పాఠం మానలేని మనిషి. "జీటీపీ అనే అణువును పట్టుకుని ఉన్నంతసేపు అవి ఆన్‌లో ఉంటాయి. కణం ఎటు కదలాలో, లోపల ఏ సరుకు ఎక్కడికి చేరాలో చెబుతాయి. ఆ స్విచ్చుల్ని సమయానికి ఆపే ప్రొటీన్ గిట్ వన్ నుంచి వస్తుంది. ఆపేవాళ్లు లేకపోతే ఏమవుతుందో ఆలోచించు."

ఆలోచించనక్కర్లేదు. నిన్న సాయంత్రం నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు.

"పదకొండున్నరకు నా ప్రాజెక్టు మీద కమిటీ కూర్చుంటోంది," అన్నారు. "కొనసాగించాలా, మూసెయ్యాలా అని. నీ పట్టిక, నీ ఉత్తరం పొద్దున్నే అచ్చువేసి వాళ్ల చేతుల్లో పెట్టారు. నేనిప్పుడే చూశాను."

వెంటనే యాదగిరి అన్నకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. వెనక వాళ్లింట్లో మిక్సీ తిరుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

"నేను గిట్ గిట్ల అన్న," అన్నాడు చివరికి. "గిట్లన్నీ అనలే."

"ఇప్పుడేం చేద్దాం అన్నా?"

"ఫికర్ చెయ్యకు. సర్వర్ మీద గిట్ ఉంటది గద, నిన్నటి పట్టిక తిరిగి తెద్దాం. ఏం తీసినవో ఎప్పుడు తీసినవో అంత దాంట్ల ఉంటది."

"అన్నా, ఆ గిట్‌ను కూడా తీసేశాను."

"జర కూసో," అన్నాడు. నేను కూర్చునే ఉన్నాను. ఆయన తనకు తాను చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది.

అదృష్టం కొద్దీ నిన్నటి అసలు పట్టిక ఒక్కటి ఆయన లాప్‌టాప్‌లో ఉంది. పది నిమిషాల్లో హేమలత గారికి పంపాడు. హమ్మయ్య అనుకుంటుండగా ఆవిడే మళ్లీ ఫోన్ చేశారు.

"పట్టిక అందింది. కానీ పొద్దున లేని జన్యువు పదకొండున్నరకు ప్రత్యక్షమైతే కమిటీ ఏమంటుంది? నాకు కావలసింది నేనే చేర్చుకున్నానంటారు. తొమ్మిదేళ్ల పని మీద ఆ మచ్చ పడితే మళ్లీ పోదు. తీసిందెవరో వాళ్లే వచ్చి చెప్పాలి."

యాదగిరి అన్న కూడా అదే మాట. "గిట్ ఉంటే అదే సాక్ష్యం చెప్పేది. దాన్ని తీసేసినవ్ గనక, దాని బదులు నువ్వే పోవాలె. నేనూ వస్త."

అలా నేను క్యాబ్‌లో, ఆయన స్కూటర్ మీద, గోపన్‌పల్లి పక్కనున్న హేమలత గారి పరిశోధన సంస్థ గేటు దగ్గర కలుసుకున్నాం. ఆయన హెల్మెట్ తీయకుండానే లోపలికి నడిచాడు. నేను చెబితే గానీ గుర్తు రాలేదు.

గదిలో పొడవాటి బల్ల. అటు ఐదుగురు. ఇటు హేమలత గారు. సన్నటి మనిషి, కాటన్ చీర, చేతిలో పెన్ను మూతను తీస్తూ పెడుతూ ఉన్నారు. నన్ను చూసి ఒక్కసారి తలాడించారు. తెల్లజుట్టు పెద్దాయన అధ్యక్షుడు. నా ఉత్తరాన్ని కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని పైకి చదివారు. 'క్షుణ్ణంగా' దగ్గర ఒక్క క్షణం ఆగారు. ఆ మాట అంత పొడుగు ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

"ఇది రాసింది ఎవరు?"

"నేనేనండి."

"ఏం చదువుకున్నవ్ బిడ్డా?"

"బీటెక్ అండి, కంప్యూటర్స్."

"మరి ఈ జన్యువు అనవసరం అని ఎట్ల తేల్చినవు?"

"పేరు చూసి అండి."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. పక్కనున్న మేడమ్ అందుకున్నారు. "గిట్ టూను ఎందుకు తీశారు?"

"ఒకే ఫైలుకు పాత కాపీ, కొత్త కాపీ అనుకున్నానండి."

ఎవరో దగ్గారు. అది దగ్గు కాదని నాకు అనుమానం. నేను దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు కాబట్టి మొదటి నుంచి చెప్పేశాను. గిట్ల సంగతి, తెనాలి చెవుల సంగతి, ఎడమచేతిలో టీ సంగతి, హేమలత గారికి ఇందులో ఏ పాపమూ తెలియదన్న సంగతి. యాదగిరి అన్న పక్కన నిలబడి "నిజమే సార్, గట్లనే అన్న" అని రెండుసార్లు సాక్ష్యం పలికాడు. ఆయన లాప్‌టాప్‌లోని పట్టిక మీద నిన్నటి తేదీ, సమయం కూడా చూపించాడు.

అధ్యక్షుడు అంతా విని నా వైపు తిరిగారు. "తీయనీకి ఎంతసేపు పట్టింది?"

"సెకను కూడా పట్టలేదండి."

ఆయన హేమలత గారిని చూశారు. "మేడమ్, మీ ల్యాబ్‌ల కణాల్లోంచి ఇదే జన్యువును తీసి చూసిన్రు గద. మీకెంత కాలం పట్టింది?"

"పదమూడు నెలలండి."

"ఈ పిల్లను ముందుగాలనే పెట్టుకునేదుంటిరి."

మొదట నవ్వింది హేమలత గారే. పెన్ను మూత చేతిలోంచి జారి బల్ల కిందికి దొర్లింది. ఆ తర్వాత గది మొత్తం నవ్వింది, నేను తప్ప. నాకు నవ్వడానికి అనుమతి ఉందో లేదో తెలియలేదు. ఆ నవ్వు తగ్గాక ఆవిడ అసలు పట్టిక తెర మీద పెట్టి మాట్లాడటం మొదలుపెట్టారు. నలభై నిమిషాలు. అర్థమైంది తక్కువే గానీ, ఆ గదిలో ఫోన్ చూసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. ప్రాజెక్టు కొనసాగించాలని ఆ మధ్యాహ్నమే తేల్చారు.

బయటికి వచ్చాక ఆవిడ నన్ను వదల్లేదు. ల్యాబ్‌లోకి తీసుకెళ్లి సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టారు. చీకటిలో పరుచుకున్న ఒక కణం, దాని అంచుల వెంట మినుకుమంటున్న పచ్చటి చుక్కలు.

"అదే," అన్నారావిడ. "నువ్వు తీసేసింది."

నేను చాలాసేపు కన్ను తీయలేదు. నా ఒంట్లో ఇన్నాళ్లూ అద్దె అడగకుండా పనిచేస్తున్నదాన్ని నేను చెత్త అన్నాను. "క్షమించండి" అన్నాను. ఆవిడతో అన్నానో, ఆ చుక్కలతో అన్నానో ఇప్పటికీ చెప్పలేను.

ఉద్యోగం పోలేదు. ఎందుకు పోలేదని యాదగిరి అన్నను అడిగితే, "ఆడికొచ్చి నిజం చెప్పినవ్ గద" అని, మిగతా వాక్యం లిఫ్టులోకి తీసుకెళ్లిపోయాడు.

వారం తర్వాత ఇంకో ల్యాబ్ పట్టిక వచ్చింది. తెరిచి చూస్తున్నాను. మధ్యలో ఒక వరుస దగ్గర ఆగిపోయాను. జన్యువు పేరుండాల్సిన చోట స్పామ్ వన్ అని ఉంది. స్పామ్ అంటే మన మెయిల్‌లోకి వచ్చిపడే పనికిమాలిన ఉత్తరాలు కదా. నా కుడిచేయి దానంతట అదే లేచింది. ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, అలాగే యాదగిరి అన్న దగ్గరికి నడిచాను.

"అన్నా, ఇది కూడా ఒంట్లో ఉండేదేనా?"

ఆయన ఫోన్‌లో వెతికాడు. చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఫోన్ బోర్లా పెట్టి, కిటికీలోంచి కోకాపేట వైపు చూస్తూ అన్నాడు. "అది పిల్లలు పుట్టనీకి పనికొచ్చేది. ముట్టకు."

అందుచేత, ఇరవై వేల జన్యువుల సాక్షిగా, నా ఒంట్లో ఉన్నవాటినీ లేనివాటినీ కలిపి ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇకమీదట ఈ భూమ్మీద దేన్నీ పేరు చూసి తీసెయ్యను. అది నిజంగా చెత్తేనని కనీసం ఇద్దరు డాక్టర్లు సంతకం పెట్టి రాసిస్తే తప్ప, నా డెస్కు కింద ఉన్న చెత్తబుట్టను కూడా ఖాళీ చెయ్యను. ఆఫీసు ఊడ్చే లక్ష్మక్కకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచాను. ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.